కోర్టు కేసుకు వైద్య చిత్రం: ఎక్కడ వెతకాలి, ఏది ఎంచుకోవాలి

ఎమ్మారై రిపోర్టులో ఒక వాక్యం ఉంటుంది: "ఎల్4-ఎల్5 దగ్గర ఎడమవైపు పారాసెంట్రల్ డిస్క్ ఎక్స్‌ట్రూజన్, ఎడమ ఎల్5 నరం మూలం మీద ఒత్తిడి." డాక్టరుకు ఆ ఒక్క వాక్యం చాలు. కేసు వినే జడ్జికి మాత్రం నడుములోని నాలుగు, అయిదో పూసల (ఎల్4, ఎల్5) మధ్య డిస్క్ వల్ల కాలి బొటనవేలు ఎందుకు పైకి లేవడం లేదో దాన్నిబట్టి తెలియదు. సరైన బొమ్మ ఒకటి పక్కన పెడితే అర నిమిషంలో తెలుస్తుంది.

గాయాల పరిహారం కేసుల్లో, వైద్య నిర్లక్ష్యం కేసుల్లో బొమ్మకు అంత విలువ ఉంది. కానీ దాన్ని వెతికే దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సెర్చ్‌లో "డిస్క్ హెర్నియేషన్" అని కొడతారు. వచ్చినవాటిలో కంటికి ఇంపుగా ఉన్నది తీసుకుంటారు. దాని మీద ఒక బాణం గుర్తు పెట్టి ఫైల్లో పెట్టేస్తారు. విచారణ రోజున అవతలి లాయరు ఒకే ప్రశ్న అడుగుతాడు: "ఈ బొమ్మలో నొక్కుకుంటున్నది ఏ నరం?" జవాబు ఎల్4 అయితే బొమ్మ ఒక్కటే పోదు, మీ డాక్టరు అంతకుముందు చెప్పిన మాటల మీద కూడా అనుమానం పడుతుంది.

అందుకే ఏ బొమ్మ మంచిది అని అడిగినవాళ్లకు నేను చెప్పే కొలత ఒకటే. మీ తరఫున సాక్ష్యం చెప్పే డాక్టరు ప్రమాణం చేసి, ఆ బొమ్మను చూపిస్తూ "ఈ మనిషికి జరిగింది ఇదే, ఇక్కడే, ఈ మేరకే" అని తడుముకోకుండా అనగలగాలి. అది ఉచితంగా దొరికిందా, కొన్నామా, గీయించామా అన్నది ఆ తర్వాతి సంగతి.

సెర్చ్ కంటే ముందు రిపోర్టు

బొమ్మకు కావలసిన మాటలన్నీ స్కాన్ రిపోర్టులో, ఆపరేషన్ నోట్స్‌లో, డిశ్చార్జి సమ్మరీలో ముందే ఉంటాయి. ఏ అవయవం, ఏ పక్క, ఏ స్థాయిలో, ఎంత మేర, ఏ దశలో ఉన్నప్పుడు అన్న ఈ సంగతులను ఒక కాగితం మీద రాసుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే గంటలు పోతాయి.

పైన చెప్పిన డిస్క్ వాక్యాన్నే విడదీసి చూడండి. ఎల్4-ఎల్5 డిస్క్ మధ్యగీతకు కాస్త పక్కగా ఉబికితే సాధారణంగా నొక్కుకునేది ఆ డిస్క్‌ను దాటి కిందికి దిగుతున్న ఎల్5 నరం. అదే డిస్క్ బాగా పక్కకు, నరం బయటికి వచ్చే రంధ్రం దాకా ఉబికితే నొక్కుకునేది ఎల్4. అంటే రిపోర్టులోని "పారాసెంట్రల్" అన్న ఒక్క మాట ఏ నరానికి ఎర్ర రంగు వేయాలో నిర్ణయిస్తుంది. మెడలో లెక్క వేరు. సీ5-సీ6 డిస్క్ నొక్కేది సాధారణంగా సీ6 నరాన్నే. నడుము బొమ్మ చూసిన అలవాటుతో మెడ బొమ్మను ఎంచుకుంటే తప్పు జరిగేది ఇక్కడే.

"ఎక్స్‌ట్రూజన్" అన్న మాట కూడా అంతే ముఖ్యం. డిస్క్ చుట్టూరా కాస్త ఉబ్బితే బల్జ్. ఒకచోట ముందుకు పొడుచుకొచ్చి, మొదలు వెడల్పుగానే ఉంటే ప్రొట్రూజన్. బయటికి వచ్చిన భాగం దాని మొదలు కంటే వెడల్పైతే ఎక్స్‌ట్రూజన్. ఆ ముక్క పూర్తిగా తెగి విడిపోతే సీక్వెస్ట్రేషన్. నెట్‌లో దొరికే బొమ్మల్లో ఎక్కువ భాగం, పేరు ఏదైనా సరే, భారీ ఎక్స్‌ట్రూజన్‌నే చూపిస్తాయి, ఎందుకంటే అది బాగా కనిపిస్తుంది. రిపోర్టులో బల్జ్ అని ఉండగా అలాంటి బొమ్మ పెడితే, గాయాన్ని పెద్దది చేసి చూపిస్తున్నారన్న మాట పడుతుంది. ఆ మాట ఒకసారి పడ్డాక తుడిచేయడం కష్టం.

ఇంకొక చిక్కు ఎడమ-కుడిది. సీటీ, ఎమ్మారైలలో అడ్డంగా కోసినట్టు కనిపించే బొమ్మను రోగి పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు ప్రదర్శించడం వాడుక. కాబట్టి రోగి ఎడమ పక్క చూసేవాళ్లకు కుడిచేతి వైపు ఉంటుంది. గీసిన బొమ్మల్లో కొందరు ఇదే పద్ధతి పాటిస్తారు, కొందరు పై నుంచి చూసినట్టు గీస్తారు. ఎడమవైపు బొమ్మ దొరకలేదని కుడివైపు బొమ్మను సాఫ్ట్‌వేర్‌లో అటుదిటు తిప్పేసేవాళ్లు ఉన్నారు. వెన్నుపూస రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి చెల్లిపోతుందని అనుకుంటారు. కానీ వెన్నుపూస ముందు బృహద్ధమని కాస్త ఎడమగా, పెద్ద సిర కుడిగా ఉంటాయి. బొమ్మను తిప్పితే అవి కూడా తారుమారవుతాయి. అవతలి పక్క రేడియాలజిస్టు ఆ సంగతి చూడగానే పట్టేస్తాడు.

ఏ మాటలతో వెతకాలి

ఎంత తెలుగువాళ్లమైనా ఈ వెతుకులాట ఇంగ్లీష్‌లోనే చేయక తప్పదు. అందులోనూ రోజువారీ మాటలకు, వైద్యుల మాటలకు వచ్చే ఫలితాల్లో చాలా తేడా ఉంటుంది. "బ్రోకెన్ రిస్ట్" అని వెతికితే కట్టు కట్టిన చేతుల ఫొటోలు వస్తాయి. "డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్, డోర్సల్ డిస్‌ప్లేస్‌మెంట్, లేటరల్ వ్యూ" అని వెతికితే ఎముక ముక్క చెయ్యి వెనక వైపుకు ఎలా జరిగిందో చూపే బొమ్మలు వస్తాయి. దీన్నే కాలీస్ ఫ్రాక్చర్ అంటారు. ముక్క అరచేతి వైపుకు జరిగితే స్మిత్ ఫ్రాక్చర్. రిపోర్టులో పేరు లేకపోయినా ఏ దిశలో జరిగిందో ఉంటుంది, దాన్నిబట్టి పేరు తెలుసుకుని రెండు మాటలతోనూ వెతకండి.

ఒకే అవయవానికి రెండు మూడు పేర్లుంటే అన్నిటితోనూ వెతకాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెష్ అనే పదకోశంలో ఒక్కో వైద్య పదానికి సమానార్థకాలన్నీ ఒకచోట ఉంటాయి, ఉచితంగా చూడవచ్చు. శరీర భాగాల ప్రామాణిక లాటిన్ పేర్లకు 1998లో వచ్చిన టెర్మినోలాజియా అనాటమికా ఉంది. నా అనుభవంలో మెష్ ఒక్కటే చాలా పనులకు సరిపోతుంది.

తర్వాత కోణం. ముందు నుంచా, వెనక నుంచా, పక్క నుంచా, అడ్డకోతా, నిలువుకోతా? యాంటీరియర్, పోస్టీరియర్, లేటరల్, యాక్సియల్, సాజిటల్ (పక్క నుంచి కనిపించే నిలువుకోత), కరోనల్ (ముందు నుంచి కనిపించే నిలువుకోత) అన్న మాటల్లో ఒకటి చేరిస్తే ఫలితాలు సగానికి పైగా వడపోసినట్టే. ఇంకో మాట కూడా చేర్చమని చెబుతాను: "అన్‌లేబుల్డ్". పేర్లు అంటించని బొమ్మ దొరికితే మీ కేసుకు కావలసిన నాలుగు పేర్లే మీరు పెట్టుకోవచ్చు. పాఠ్యపుస్తకం బొమ్మలో ముప్పై పేర్లుంటే జడ్జి కన్ను అసలు చోటు మీద నిలవదు.

వద్దనుకున్న మాట ముందు మైనస్ గుర్తు పెట్టడం చాలామందికి తెలుసు, వాడేవాళ్లు తక్కువ. డిస్క్ బొమ్మలకు వెతికితే కుక్కల వెన్నెముకలు కూడా వరసగా వస్తాయి, పశువైద్యంలో అది మామూలు జబ్బు. "డాగ్", "కార్టూన్" అన్న మాటల ముందు మైనస్ పెడితే అవి పోతాయి. ఒకే వెబ్‌సైట్‌లో వెతకాలంటే "సైట్" అన్న ఇంగ్లీష్ మాట, వెంటనే కోలన్, ఆ వెంటనే ఆ వెబ్‌సైట్ చిరునామా కొట్టాలి.

గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్ కింద యూసేజ్ రైట్స్ అన్న వడపోత ఉంది. అది దారి చూపే బోర్డు మాత్రమే, అదే లైసెన్స్ అనుకోకూడదు. బొమ్మ అసలు ఉన్న పేజీకి వెళ్లి అక్కడ రాసిన షరతులు చదవాలి. ఏ పేజీ అసలుదో తెలియకపోతే బొమ్మనే ఇచ్చి అది ఏ పేజీల్లో ఉందో వెతికే టిన్‌ఐ గానీ గూగుల్ లెన్స్ గానీ వాడండి. ఎవరు గీశారో తేలని బొమ్మ ఎంత బాగున్నా వదిలేయండి. "ఇది ఎక్కడిది?" అని కోర్టులో అడిగితే "నెట్‌లో దొరికింది" అన్న జవాబుతో నిలబడలేరు.

ఉచితంగా దొరికేవి: ఎక్కడి దాకా పనికొస్తాయి

మామూలుగా ఆ అవయవం ఎలా ఉంటుందో చూపడానికి ఉచిత వనరులు చాలు. ఈ పనికి డబ్బు పెట్టడం అనవసరం అనే చెబుతాను.

గ్రేస్ అనాటమీ అనే పేరున్న పాఠ్యపుస్తకం 1918 అమెరికన్ ఎడిషన్‌కు కాపీరైట్ గడువు తీరిపోయింది, అందులోని బొమ్మలు వికీమీడియా కామన్స్‌లో ఉన్నాయి. 1858 నాటి మొదటి ఎడిషన్‌కు బొమ్మలు గీసిన హెన్రీ వాండైక్ కార్టర్ ఒక మంచి పద్ధతి పెట్టాడు. అవయవం పేరును ఆ అవయవం మీదే రాశాడు. చదువుకునేవాళ్లకు అది వరం. మనకు మాత్రం ఇబ్బందే, ఆ పేర్లను చెరపడం కష్టం. ఎముకలు, కండరాలు, నరాలు వెళ్లే దారులకు ఈ బొమ్మలు ఇప్పటికీ బాగుంటాయి. ప్లేట్లు, స్క్రూలు, ఇప్పటి ఆపరేషన్ల కోసం అందులో వెతకడం దండగ.

ఓపెన్‌స్టాక్స్ సంస్థ 2013లో తెచ్చిన అనాటమీ అండ్ ఫిజియాలజీ పాఠ్యపుస్తకంలోని బొమ్మలు శుభ్రంగా, ఇప్పటి శైలిలో ఉంటాయి. సర్వియర్ మెడికల్ ఆర్ట్ బొమ్మలను పవర్‌పాయింట్‌లో తెరిచి భాగాలుగా విడదీసుకోవచ్చు. రక్తనాళంలో గడ్డ కట్టడం లాంటివి మెట్లు మెట్లుగా చూపాలంటే అది చాలా హాయి. ఈ రెంటికీ క్రియేటివ్ కామన్స్ వాళ్ల "బై" లైసెన్స్ ఉంది, అంటే గీసినవాళ్లకు పేరు ఇస్తే మార్చుకుని వాడుకోవచ్చు.

విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్ట్ సంగతి వేరు. ఒక పురుషుడి దేహాన్ని 1 మిల్లీమీటరు చొప్పున, ఒక స్త్రీ దేహాన్ని 0.33 మిల్లీమీటరు చొప్పున పొరలుగా ఫొటోలు తీసి 1994లో, 1995లో విడుదల చేశారు. 2019 నుంచి లైసెన్స్ అడగకుండానే వాడుకోవచ్చు. వాస్తవానికి ఇంతకంటే దగ్గరైనది లేదు. కానీ అవి మృతదేహాల ఫొటోలు. మనసు కలచివేసే బొమ్మ వాదనకు సాయపడదు, భావోద్వేగం రెచ్చగొడుతున్నారన్న అభ్యంతరానికి మాత్రం చోటిస్తుంది. బొమ్మ గీసేవాళ్లకు ఆధారంగా ఇవ్వడానికి మాత్రమే వాడండి.

రేడియోపీడియాలో నిజమైన రోగుల స్కాన్లు వేలల్లో ఉన్నాయి, నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు తక్కువ. అయితే దాని లైసెన్స్ వాణిజ్యేతర వాడకానికే. ఫీజు తీసుకుని నడిపే కేసు ఆ మాట కిందికి వస్తుందా రాదా అన్న వాదనలోకి దిగేకంటే అనుమతి అడగడం నయం. లైసెన్స్‌లో "నో డెరివేటివ్స్" అని ఉంటే ఇంకా జాగ్రత్త. రంగు మార్చడం, ఒక భాగం కత్తిరించి పెద్దది చేయడం కూడా మార్పు కిందే లెక్కకు రావచ్చు.

ఇక్కడ చాలామంది లాయర్లు ఒక మాట అంటారు: కోర్టు కోసం వాడితే కాపీరైట్ వర్తించదు కదా అని. అందులో నిజం ఉంది. బ్రిటన్ 1988 చట్టంలో 45వ సెక్షన్, భారత 1957 చట్టంలో 52వ సెక్షన్ న్యాయ విచారణ కోసం చేసే వాడకానికి మినహాయింపు ఇస్తాయి. కానీ అదే బొమ్మను ఆఫీసు వెబ్‌సైట్‌లో పెట్టుకున్నా, సెమినార్‌లో చూపించినా ఆ మినహాయింపు వెంట రాదు. పైగా చందా కట్టి వాడే సైట్లలో మీరు ఒప్పుకున్న షరతులు కాపీరైట్‌తో సంబంధం లేకుండా మీకు వర్తిస్తాయి. ఎక్కడ కేసు నడుస్తుందో అక్కడి చట్టం చూసుకోవాల్సిందే.

మామూలు స్టాక్ సైట్లు

సిద్ధంగా ఉన్న బొమ్మలు అమ్మే షటర్‌స్టాక్, అడోబీ స్టాక్, గెట్టీ లాంటి చోట్ల బొమ్మలు లెక్కలేనన్ని. కానీ వాటిని పెట్టేవాళ్లలో చాలామందికి ఆసుపత్రి ప్రకటన, పత్రిక కవర్ పేజీ దృష్టిలో ఉంటాయి. మోకాలు చుట్టూ ఎర్రగా మెరిసే కాంతి, నీలం రంగు గాజు మనిషి, ఇవన్నీ ఆ కోవలోవే. నొప్పిని కాంతిలా చూపే బొమ్మను కోర్టుకు తీసుకెళ్లవద్దు. అది గాయాన్ని వివరించదు, బాధను ప్రచారం చేస్తుంది.

ఈ సైట్లలో దొరికినదాన్ని ముందుగా మీరే ఒక చూపు చూడాలి. గుండె కొన ఎడమకు ఉందా, కాలేయం కుడికి ఉందా? కుడి ఊపిరితిత్తికి 3 భాగాలు, ఎడమదానికి 2 ఉన్నాయా? పక్కటెముకలు 12 జతలేనా? మెడలో 7 పూసలు, నడుములో 5 లెక్కకు వస్తున్నాయా? ముంజేతిలో బొటనవేలి వైపు ఉన్నది రేడియస్సేనా, పిక్కలో బయటి వైపు ఉన్నది ఫిబ్యులానేనా? డబ్బు పెట్టి కొనే బొమ్మల్లో కూడా ఇలాంటి తప్పులు దొర్లుతాయి. లెక్క పెట్టడానికి రెండు నిమిషాలు పట్టదు.

కోర్టు పనికే తయారైన బొమ్మల సంస్థలు, 3డీ సాఫ్ట్‌వేర్లు

న్యూక్లియస్ మెడికల్ మీడియా లాంటి సంస్థలు లాయర్ల కోసమే బొమ్మలు తయారుచేసి పెడతాయి. ఇక్కడ సెర్చ్ పద్ధతి కూడా మారుతుంది. అవయవం పేరుతో కాక గాయం పేరుతో, ఆపరేషన్ పేరుతో వెతకాలి. మెడలో ముందు వైపు నుంచి డిస్క్ తీసి పూసలను అతికించే ఆపరేషన్, మోకీలు మార్పిడి, విరిగిన ఎముకకు ప్లేటు వేయడం లాంటి తరచూ జరిగేవాటికి అడుగు అడుగునా వేసిన బొమ్మలు సిద్ధంగా దొరుకుతాయి. పక్క మార్చడం, పేర్లు మార్చడం వాళ్లే చేసిపెడతారు.

సాధారణ గాయాల కేసులకు ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చేది ఇదేనని నా అభిప్రాయం. ఒక్క షరతు ఉంది. ఆపరేషన్ నోట్స్, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే పక్కన పెట్టుకుని సరిపోల్చాలి. నోట్స్‌లో 7 స్క్రూలు ఉండి బొమ్మలో 6 ఉంటే, లేదా ప్లేటు అరచేతి వైపు వేస్తే బొమ్మలో వెనక వైపు కనిపిస్తే, సంస్థకు చెప్పి మార్పించండి. మార్చలేమంటే ఆ బొమ్మ వదిలేయండి.

కంప్లీట్ అనాటమీ, విజిబుల్ బాడీ, బయోడిజిటల్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్లకు ఒక పెద్ద సుగుణం ఉంది. చర్మం, కండరాలు ఒక్కొక్కటిగా తీసేసి, సర్జన్ చూసిన కోణంలోనే లోపలి భాగాన్ని నిలబెట్టవచ్చు. భుజం లోపలి సన్నని కండరాలు, పెల్విస్‌లోని నరాలు లాంటివి కాగితం మీద బొమ్మలో అర్థం కావు, తిప్పి చూపిస్తే అర్థమవుతాయి. కానీ వీటిలో ఉండేది ముఖ్యంగా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల శరీరం. పిల్లల కేసుకు, వయసుతో అరిగిన వెన్నెముకకు అది సరిపోదు. తెర ఫొటో తీసి కోర్టులో దాఖలు చేయడానికి వాళ్ల షరతులు ఒప్పుకుంటాయో లేదో కూడా ముందే చూడాలి.

రోగి సొంత స్కాన్‌ను మించినది లేదు

బొమ్మల కోసం ఊరంతా వెతికేవాళ్లు చేతిలోని సీడీని మరిచిపోతుంటారు. అదే మనిషి స్కాన్‌లోని ఒక ఫ్రేమును తీసుకుని, దాని పక్కనే అదే కోణంలో, అదే పరిమాణంలో గీసిన బొమ్మ పెడితే, "ఇది మామూలు బొమ్మ కదా, ఈ మనిషిది కాదు కదా" అన్న ప్రశ్నే రాదు. తలకు దెబ్బ తగిలిన కేసుల్లో ఇది మరీ బాగా పనిచేస్తుంది. పుర్రెకూ మెదడును కప్పే డ్యూరా పొరకూ మధ్య రక్తం చేరితే సీటీలో కటకం ఆకారంలో కనిపిస్తుంది, సాధారణంగా పుర్రె అతుకుల దగ్గర ఆగిపోతుంది. డ్యూరా లోపలి వైపు చేరితే నెలవంకలా మెదడు మీదుగా పరుచుకుంటుంది. ఈ తేడాను స్కాన్ మీదే పల్చటి రంగుతో గుర్తించి చూపితే ఎవరికైనా తెలుస్తుంది.

ఏ ఫ్రేము తీసుకోవాలో మీరు ఎంచకండి, రేడియాలజిస్టు చేత ఎంపిక చేయించండి. స్కాన్ తేదీ, సిరీస్ నంబరు, ఇమేజ్ నంబరు బొమ్మ కింద రాయండి. రంగు వేయని అసలు ఫ్రేమును కూడా పక్కనే ఉంచండి, అప్పుడు రంగుతో ఏదో దాచారన్న మాట రాదు. రోగి పేరు, పుట్టిన తేదీ లాంటి వివరాలు ఫ్రేము మూలల్లో ఉంటాయి, కోర్టుకు అవసరం లేని చోట వాటిని కప్పేయాలి.

గీయించక తప్పని కేసులు

అసలు వివాదమే "ఎలా జరిగింది" అన్నదాని మీద ఉంటే సిద్ధంగా ఉన్న బొమ్మ దొరకదు. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే కీహోల్ పద్ధతిలో పిత్తాశయం తీసే ఆపరేషన్‌లో, పిత్తాశయం నుంచి వచ్చే చిన్న నాళం అనుకుని ప్రధాన పిత్తనాళాన్ని క్లిప్ పెట్టి కోసేశారన్న కేసు తీసుకోండి. పిత్తాశయాన్ని బాగా పైకి లాగి పట్టుకుంటే ఆ రెండు నాళాలూ ఒకే గీతలోకి వచ్చి, ఒకటే నాళంలా కనిపించే ప్రమాదం ఉంది. రోగి తరఫువాళ్లకు ఆ రెండు నాళాలను వేరుగా గుర్తించే జాగ్రత్త తీసుకోలేదని చూపాలి. డాక్టరు తరఫువాళ్లకు ఆ రోగి నాళాల అమరికే అసాధారణంగా ఉందని చూపాల్సి రావచ్చు. రెండింటికీ కావలసింది కెమెరాలో సర్జన్‌కు కనిపించిన దృశ్యం. ఏ లైబ్రరీలోనూ ఆ రోగి నాళాలు ఉండవు.

ఈ గాయాలకు 1995లో వచ్చిన స్ట్రాస్‌బెర్గ్ వర్గీకరణ ఉంది, ఇంగ్లీష్ అక్షరాలు "ఏ" నుంచి "ఈ" దాకా. అందులో "ఈ1" రకానికీ "ఈ2" రకానికీ ఉన్న తేడా ఒక్కటే, కాలేయం నుంచి వచ్చే రెండు నాళాలు కలిసే చోటికి కింద మిగిలిన నాళం 2 సెంటీమీటర్ల కంటే ఎక్కువ ఉందా, తక్కువ ఉందా అన్నది. బొమ్మలో ఆ మిగిలిన నాళం పొడవు సరిగ్గా లేకపోతే రిపోర్టుకూ బొమ్మకూ పొంతన ఉండదు. ఇలాంటి కేసుకు మూడు బొమ్మలు గీయించమంటాను: ఈ రోగిలో గాయానికి ముందు నాళాల అమరిక, కోత పడిన క్షణం, తర్వాత పేగును నాళానికి కలిపి చేసిన మరమ్మతు.

గీసేవాళ్లను ఎక్కడ వెతకాలి? ఇది ప్రత్యేకంగా చదువుకునే వృత్తి. జాన్స్ హాప్కిన్స్‌లో 1911లో మాక్స్ బ్రోడెల్ నాయకత్వంలో దీనికోసమే ఒక విభాగం మొదలైంది. 1945లో ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ మెడికల్ ఇలస్ట్రేటర్స్ సభ్యుల జాబితాలో చట్టపరమైన పని చేసేవాళ్లను విడిగా వెతకవచ్చు. మాట్లాడేటప్పుడు వాళ్ల అందమైన బొమ్మలు చూడటంతో ఆపకండి. ముందు పెన్సిల్ స్కెచ్ పంపుతారా, మీ డాక్టరు దిద్దాక ఎన్నిసార్లు మారుస్తారు, కోర్టులో వాడే హక్కు ఎవరిది, ఏ రికార్డు చూసి ఏ గీత గీశారో రాసిపెడతారా అని అడగండి. చివరి ప్రశ్నకు వెంటనే అవునన్నవాళ్లకు ఈ పని తెలిసినట్టే లెక్క. వాళ్లతో నడిపిన మెయిళ్లను అవతలి పక్షం చూపించమని అడిగే అవకాశం ఉన్న చోట్ల, "ఇంకొంచెం భయంకరంగా కనిపించేలా చేయండి" లాంటి మాట రాయడం కేసుకు ప్రమాదం. అసలు అలా అడగడమే తప్పు.

ఖర్చు, సమయం రెండూ ఎక్కువే. విచారణ దగ్గరపడ్డాక మొదలుపెడితే దిద్దే వ్యవధి ఉండదు. అందుకే రికార్డులు అందిన వారంలోనే ఏ బొమ్మ కావాలో తేల్చుకోండి.

ఏఐతో గీయించుకుంటే సరిపోదా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. సరిపోదు. 2024 ఫిబ్రవరిలో ఒక శాస్త్ర పత్రికలో ఏఐ గీసిన ఎలుక బొమ్మ అచ్చయింది. అవయవాలు అసంభవమైన పరిమాణంలో, పేర్లు అర్థం లేని అక్షరాలతో ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఏఐ బొమ్మలో ఏ గీత ఏ రికార్డు నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. స్టాక్ సైట్లలో కూడా ఇప్పుడు ఏఐ బొమ్మలు కలిసిపోతున్నాయి, వాటిని తీసేసే వడపోత ఉంటే తప్పక వాడండి.

నన్ను ఎంచుకోమంటే

శరీర నిర్మాణం మీద గొడవ లేని కేసుకు ఉచిత బొమ్మ, పక్కన రోగి స్కాన్ చాలు. గాయం మామూలుదే అయి, పరిహారం ఎంత అన్నదే ప్రశ్న అయితే కోర్టు పనికి తయారైన బొమ్మను కొని రికార్డుకు సరిపోయేలా మార్పించుకోవాలి. ఎలా జరిగింది, ఎవరి తప్పు అన్నది తేలాల్సి ఉంటే గీయించాలి. డబ్బు తక్కువగా ఉంటే పది కొన్న బొమ్మల కంటే ఒక్క గీయించిన బొమ్మకే పెట్టండి.

బొమ్మ ఏదైనా డాక్టరుకు ముందే చూపండి, విచారణకు ముందు రోజు రాత్రి కాదు. "బాగుందా?" అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. "ఇందులో మీరు ఒప్పుకోని గీత ఏది?" అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులే బొమ్మను నిలబెడతాయి.

బొమ్మను సాక్ష్యంగా పెడుతున్నారా, వివరణకు సాయంగా పెడుతున్నారా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 2024 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 107వ రూలు ఈ తేడాను స్పష్టంగా రాసింది. వివరణకు వాడే బొమ్మ సాక్ష్యం కింద లెక్కకు రాదు. అందరూ ఒప్పుకుంటే తప్ప, లేదా సరైన కారణంతో కోర్టు అనుమతిస్తే తప్ప జ్యూరీ గదిలోకి వెళ్లదు. వేరే చోట్ల రూలు వేరుగా ఉండవచ్చు. ఏ దేశమైనా అవతలి పక్షానికి బొమ్మను ముందుగా ఇచ్చేస్తే అభ్యంతరాలు ముందే బయటపడతాయి, సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది.

ప్రతి బొమ్మకూ ఒక చిన్న నోట్ పెట్టుకోండి: ఎక్కడి నుంచి, ఏ తేదీన తీసుకున్నారు, లైసెన్స్ పేజీ కాపీ, చేసిన మార్పులు, ఆమోదించిన డాక్టరు, ఆధారమైన రికార్డు పేజీ నంబరు. మార్పులు చేయని అసలు ఫైలును విడిగా దాచండి.

దాఖలు చేసే ముందు బొమ్మను ఒకసారి నలుపు-తెలుపులో ప్రింట్ తీసి చూడండి. కోర్టు ఫైళ్లు చాలాచోట్ల ఫొటోకాపీలుగానే చేతులు మారుతాయి. రంగుల్లో ఎర్రటి నరం, నీలి సిర ఎంత స్పష్టంగా ఉన్నా, కాపీలో రెండూ ఒకే బూడిద రంగులోకి వచ్చేస్తాయి. అలా వస్తే ఒకదానికి చారలు వేయించండి, పేరును దాని పక్కనే పెద్ద అక్షరాల్లో రాయించండి, దెబ్బ తగిలిన చోటికి మందమైన గీత పెట్టించండి.